షుగర్ ల్యాండ్: చెరకు తోట నగరమైన తీరు

హ్యూస్టన్ నడిబొడ్డు నుంచి నైరుతి దిక్కుగా సుమారు 32 కిలోమీటర్లు వెళితే వచ్చే షుగర్ ల్యాండ్, పేరుకు తగ్గట్టే చెరకు తోటలోంచి పుట్టిన ఊరు. 1960లో ఇక్కడ ఉన్నది 2,802 మంది. 2020 జనాభా లెక్కల్లో ఆ సంఖ్య 1,11,026. అమెరికాలో పెద్ద నగరాల చుట్టూ ఇలా పెరిగిన శివార్లు చాలానే ఉన్నాయి గానీ షుగర్ ల్యాండ్ వచ్చిన దారి వేరు. చిన్న రైతుల పొలాలు ఒక్కొక్కటిగా ప్లాట్లయి, వాటి మీద లేచిన ఊరు కాదిది. 1828 నుంచి దాదాపు నూటయాభై ఏళ్లపాటు ఇక్కడి వేల ఎకరాలు ఏ కాలంలోనైనా కొద్దిమంది చేతుల్లోనే ఉన్నాయి. తోట చేతులు మారుతూ వచ్చింది, ముక్కచెక్కలు మాత్రం కాలేదు. ఈ ఊరి వీధులు ఇంత పద్ధతిగా ఉండడానికి కారణం అదే. ఈ నేలలో పూడ్చిన మనుషుల సంగతి అంతకాలం మరుగున పడిపోవడానికీ అదే కారణం.

హ్యూస్టన్ నుంచి ఇక్కడికి రెండు ముఖ్యమైన దారులున్నాయి. సౌత్‌వెస్ట్ ఫ్రీవే మీద వస్తే మాల్స్, ఆఫీసు భవనాలు, ఆసుపత్రులు ఎదురవుతాయి. ఆ దారిలో కనిపించేదంతా గత యాభై ఏళ్ల షుగర్ ల్యాండ్. ఊరి పుట్టుక తెలుసుకోవాలనుకునే యాత్రికుడు మాత్రం పాత రహదారి 90ఏ మీదుగా రావాలి. ఆ రోడ్డు పక్కనే రైలు పట్టాలు సాగుతాయి. ఊరు దగ్గర పడేసరికి, చుట్టూ ఉన్న పొట్టి కట్టడాల మధ్య ఎనిమిది అంతస్తుల ఎర్ర ఇటుక భవనం ఒకటి పొడుచుకొచ్చినట్టు కనబడుతుంది. అది పాత ఇంపీరియల్ చక్కెర రిఫైనరీలోని చార్ హౌస్. పక్కనే ఓయిస్టర్ క్రీక్ అనే సన్నని వాగు. తోట, మిల్లు, రైలు, కంపెనీ ఊరు, అన్నీ ఈ వాగు ఒడ్డునే మొదలయ్యాయి.

ఈ వాగు బ్రేజోస్ నదికి సమాంతరంగా పారుతుంది. నది వరదలు తెచ్చి పోసిన ఒండ్రు మట్టి ఇక్కడ లోతుగా ఉంది. నేల చదునైనది, నీటికి కరువు లేదు, గాల్వెస్టన్ రేవు మరీ దూరం కాదు. ఆనాటి తోటల యజమానులకు ఇంతకు మించి కావలసింది లేదు. పని చేసేవాళ్లకు మాత్రం ఇది దోమల చిత్తడి, జ్వరాల నేల.

1820లలో టెక్సస్ మెక్సికోలో భాగం. అమెరికా నుంచి కుటుంబాలను తెచ్చి అక్కడ నిలబెట్టే అనుమతి స్టీఫెన్ ఎఫ్. ఆస్టిన్‌కు దక్కింది. అతని దగ్గర కార్యదర్శిగా, దస్తావేజులు చూసే మనిషిగా పనిచేసిన శామ్యూల్ మే విలియమ్స్‌కు ఆ సేవలకు ప్రతిఫలంగా 1828లో ఓయిస్టర్ క్రీక్ వెంట భూమి ఇచ్చారు. అక్కడి ఓక్ చెట్లను బట్టి ఆ తోటకు ఓక్‌ల్యాండ్ అని పేరు వచ్చింది. శామ్యూల్ తర్వాత వ్యాపారం మీద దృష్టి పెట్టి గాల్వెస్టన్‌లో స్థిరపడ్డాడు. 1838లో తోట అతని సోదరుడు నథానియేల్ విలియమ్స్ చేతికి వచ్చింది. నథానియేల్, మరో సోదరుడు మాథ్యూ కలిసి పత్తి, మొక్కజొన్న, చెరకు పండించారు. 1843లో తోటలోనే చక్కెర మిల్లు కట్టారు. అప్పటి నుంచి ఈ నేల బతుకు చెరకుతో ముడిపడింది.

చెరకు సంగతి తెలిస్తే తప్ప ఆ తర్వాత జరిగినవేవీ బోధపడవు. నరికిన గడను ఎక్కువసేపు నిలవ ఉంచితే రసంలో తీపి విరిగిపోతుంది. అందుకే మిల్లు తోటలోనే ఉండాలి, నరకడం, మోయడం, ఆడడం, కాచడం ఒకదాని వెంట ఒకటి ఆగకుండా జరగాలి. అనకాపల్లి వైపు బెల్లం గానుగలు ఆడే రోజుల్లో రాత్రింబవళ్లు పొయ్యి ఆరకపోవడం చూసినవారికి ఈ తొందర వేరే చెప్పనక్కర్లేదు. టెక్సస్‌లో ఆ తొందరకు ఇంకో కారణమూ తోడైంది. అది చెరకు పండే ప్రాంతాల ఉత్తరపు అంచు. మంచు పడితే నిలబడ్డ పైరు పాడైపోతుంది. కాబట్టి చలికాలం ముదిరేలోగా వందల ఎకరాల చెరకు నరికి, రసం కాచి, గట్టిపరచాలి. ఇష్టపడి కూలికి వచ్చేవాళ్లు దొరకని చిత్తడి నేలలో, వదిలి వెళ్లే వీలులేని మనుషులను పెట్టుకోవడమే తోటదారులు ఎంచుకున్న దారి. 1860లో ఈ తోట ఉన్న ఫోర్ట్ బెండ్ కౌంటీ జనాభాలో మూడింట రెండు వంతుల మంది బానిసలు. ఈ కౌంటీలో సంపద అనే మాటకు అర్థం నేల ఒక్కటే కాదు, ఆ నేల మీద కట్టుబడి ఉన్న మనుషులు కూడా.

1850ల తొలి ఏళ్లలో తోటను బెంజమిన్ ఫ్రాంక్లిన్ టెర్రీ, విలియం జెఫర్సన్ కైల్ కొన్నారు. ఇద్దరూ కాలిఫోర్నియా బంగారపు వేటలో సంపాదించి వచ్చినవాళ్లు. వాళ్ల కాలంలోనే ఈ చోటుకు షుగర్ ల్యాండ్ అన్న పేరు స్థిరపడింది, 1858లో తపాలా కార్యాలయం వచ్చింది. అంతకంటే పెద్ద మార్పు రైలు. టెక్సస్‌లో మొట్టమొదట నడిచిన రైలు మార్గం బఫెలో బాయూ, బ్రేజోస్ అండ్ కొలరాడో రైల్వేది. 1853లో హారిస్‌బర్గ్ నుంచి స్టాఫర్డ్స్ పాయింట్ దాకా దాదాపు 32 కిలోమీటర్ల మేర రైలు నడిచింది, తర్వాత అది పడమరకు సాగి తోట మీదుగా వెళ్లింది. అంతకుముందు వర్షాకాలంలో ఎడ్లబండ్లు బురదలో కూరుకుపోయేవి. రైలు వచ్చాక చక్కెర పీపాలు నేరుగా రేవుకు చేరాయి. నేడు 90ఏ రోడ్డు పక్కన గూడ్సు బండ్లు పరుగెత్తేది ఆ పాత బాట వెంటే.

అమెరికాలో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం మొదలవగానే టెర్రీ దక్షిణాది సైన్యం తరఫున గుర్రపు దళం కూడగట్టాడు. 1861 డిసెంబరులో కెంటకీలో జరిగిన పోరులో చనిపోయాడు. మూడేళ్లకు కైల్ కూడా పోయాడు. 1865 జూన్ 19న గాల్వెస్టన్‌లో బానిసల విడుదల ప్రకటన వెలువడింది. తోట యజమానులకు చెరకు ఉంది, మిల్లు ఉంది, పనివాళ్లు లేరు.

తర్వాతి యాభై ఏళ్లు షుగర్ ల్యాండ్ చరిత్రలో అన్నిటికంటే బరువైన భాగం. ఊరి గురించి రాసిన పాత పుస్తకాలు చాలావరకు దాన్ని నాలుగు మాటల్లో దాటేశాయి. బానిసత్వాన్ని రద్దు చేసిన పదమూడో రాజ్యాంగ సవరణ, నేరానికి శిక్షగా వేసే వెట్టిని మాత్రం మినహాయించింది. దక్షిణాది రాష్ట్రాలు ఆ సందులోంచి దూరాయి. పని లేకుండా తిరగడం, చిన్నచిన్న దొంగతనాల వంటి వాటికి నల్లజాతివారిని పట్టి ఏళ్ల తరబడి శిక్షలు వేశారు. జైళ్లు నిండాయి. వాళ్లను పోషించే ఖర్చు తప్పించుకుని, పైగా రాబడి తెచ్చుకోవడానికి టెక్సస్ ప్రభుత్వం ఖైదీలను తోటలకు, రైల్వేలకు, గనులకు కౌలుకిచ్చింది. పొలాన్ని కౌలుకిస్తారు, మనిషిని కౌలుకివ్వడం ఎలా ఉంటుందో ఈ బ్రేజోస్ లోయలో చూడాలి. కౌలుదారుకు ఖైదీ సొంత ఆస్తి కాదు. ఒకడు చచ్చిపోతే రాష్ట్రం ఇంకొకణ్ణి పంపుతుంది. అతని తిండి, బట్ట, మందు మీద ఖర్చుపెట్టడానికి కౌలుదారుకు ఏ కారణమూ లేకుండా పోయింది.

యుద్ధం తర్వాత షుగర్ ల్యాండ్ తోట ఎడ్వర్డ్ హెచ్. కనింగ్‌హామ్ చేతికి వచ్చింది. అతను దక్షిణాది సైన్యంలో పనిచేసినవాడు. పొరుగున లిటిల్‌బెర్రీ ఎల్లిస్ తోట. 1878లో ఇద్దరూ భాగస్వాములై టెక్సస్ రాష్ట్ర ఖైదీలందరినీ ఒక్క ఒప్పందం కింద కౌలుకు తీసుకున్నారు. తమ తోటలకు కావలసినవారిని ఉంచుకుని మిగతావారిని ఇతరులకు ఉపకౌలుకిచ్చారు. కొన్నేళ్లకు ఆ ఏకమొత్తపు కౌలు రద్దయినా, తోటలవారీగా ఖైదీలను పంపే పద్ధతి మరో మూడు దశాబ్దాలు సాగింది. తెల్లవారక ముందే బయలుదేరి, మోకాళ్లలోతు నీళ్లలో చెరకు నరికి, చీకటి పడ్డాక శిబిరానికి చేరడం వాళ్ల దినచర్య. వడదెబ్బ, మలేరియా, కొరడా దెబ్బలు, పారిపోబోతే తుపాకి గుండు, వీటిలో ఏదో ఒకటి చాలామందిని తీసుకెళ్లింది. బ్రేజోస్ ఒడ్డున ఉన్న నరకపు గుంట అని ఈ చోటు టెక్సస్ అంతటా పేరుపడింది. ఆ శ్రమ మీదే కనింగ్‌హామ్ 1890లలో పెద్ద రిఫైనరీ కట్టాడు. 1893లో సొంత రైలు మార్గం కూడా వేయించాడు. అయినా అప్పులు మించిపోయి చివరకు దివాలా తీశాడు.

దివాలా తీసిన ఆస్తులను కొన్నవారు గాల్వెస్టన్ వర్తక కుటుంబానికి చెందిన ఐజాక్ హెచ్. కెంప్నర్, అతని భాగస్వామి విలియం టి. ఎల్డ్రిడ్జ్. 1906లో ఎల్లిస్ తోట 5,300 ఎకరాలు, 1908లో కనింగ్‌హామ్ తోట 12,500 ఎకరాలు రిఫైనరీతో సహా వాళ్ల చేతికి వచ్చాయి. ఇరుగుపొరుగు తోటలు రెండూ ఇలా ఒకే యాజమాన్యం కిందకు రావడం ఊరి భవిష్యత్తునే మార్చింది. కెంప్నర్ న్యూయార్క్‌లో తాను దిగే ఇంపీరియల్ హోటల్ పేరును కంపెనీకి పెట్టాడు. కిరీటం ముద్రతో ఇంపీరియల్ చక్కెర సంచులు టెక్సస్ ఇళ్లన్నిటికీ చేరాయి. 1910లో టెక్సస్ శాసనసభ ఖైదీల కౌలును రద్దు చేసే చట్టం చేసింది, 1912 నాటికి ఆ పద్ధతి ముగిసింది.

ఖైదీలు పోయాక రిఫైనరీలో కూలికి, జీతానికి పనిచేసే మనుషులు కావలసి వచ్చారు. నరకపు గుంట అని పేరుపడ్డ చోటికి కుటుంబాలతో వచ్చి ఉండమంటే ఎవరొస్తారు? అందుకే కెంప్నర్, ఎల్డ్రిడ్జ్ నేలను ఆరబెట్టించారు, కాలువలు తవ్వించారు, కట్టలు పోయించారు, ఇళ్లు కట్టించారు. దుకాణం, బ్యాంకు, ఆసుపత్రి, బడి అన్నీ కంపెనీవే. ఇంటి అద్దె, నీళ్లు, కరెంటు కంపెనీకే కట్టాలి. 1910లలో ఓయిస్టర్ క్రీక్ ఒడ్డున కట్టిన బడి ఒక వింత. ఒకే పెద్ద భవనం బదులు, చిన్నచిన్న బంగళాలను అర్ధచంద్రాకారంలో నిలబెట్టారు. ఒక్కో తరగతికి ఒక్కో బంగళా, గాలి, వెలుతురు ధారాళంగా వచ్చే ఏర్పాటు. దానికి చెందిన లేక్‌వ్యూ ఆడిటోరియం ఇప్పటికీ నిలిచి ఉంది. కంపెనీ ఊరు మనుషుల్ని బాగా చూసుకుందని ఆ కాలపు కుటుంబాలు చెప్పుకుంటాయి. అది నిజమే గానీ అందరికీ ఒకేలా నిజం కాదు. తెల్లవారి ఇళ్లు ఒకవైపు, మెక్సికన్, నల్లజాతి కార్మికుల ఇళ్లు మరోవైపు ఉండేవి. బడులు కూడా వేరే.

ఇంపీరియల్ భూముల్లో 5,000 ఎకరాలకు పైగా రాష్ట్ర ప్రభుత్వమే 1908లో కొని జైలు వ్యవసాయ క్షేత్రం పెట్టింది. కౌలు పోయింది, తోటలో ఖైదీ మాత్రం మిగిలాడు, ఈసారి యజమాని రాష్ట్రమే. ప్రసిద్ధ జానపద గాయకుడు లెడ్ బెల్లీ 1920ల మొదట్లో ఇక్కడే శిక్ష అనుభవించాడు. గవర్నర్ పాట్ నెఫ్‌ను పాటతో మెప్పించి 1925లో క్షమాభిక్ష పొందాడు. అతని ద్వారా లోకానికి తెలిసిన ‘మిడ్‌నైట్ స్పెషల్’ పాటలోని రైలు ఈ పట్టాల మీద వెళ్లిందేనని, దాని దీపం వెలుగు ఎవరి గది మీద పడితే వాడు విడుదలవుతాడని ఖైదీలు నమ్మేవారని చెబుతారు. ఆ క్షేత్రం 1930లో సెంట్రల్ అని పేరు మార్చుకుని 2011 దాకా నడిచింది.

ఈలోగా చెరకు మాయమైంది. మొజాయిక్ తెగులు, మంచు, ధరల పతనం కలిసి 1920ల చివరికి ఇక్కడ చెరకు సాగును ఆపేశాయి. రిఫైనరీ మాత్రం ఆగలేదు. క్యూబా వంటి చోట్ల నుంచి ముడి చక్కెర ఓడల్లో గాల్వెస్టన్‌కు, అక్కడి నుంచి రైల్లో షుగర్ ల్యాండ్‌కు వచ్చేది. ముడి చక్కెరను కరిగించి, ఆ పాకాన్ని ఎముకల బొగ్గు నింపిన పొడవాటి గొట్టాల గుండా పైనుంచి కిందికి వదిలితే గోధుమరంగు విరిగి తేటబడుతుంది. అంత ఎత్తున నిలబడ్డ చార్ హౌస్ ఆ పనికోసం 1920లలో కట్టిందే. పాకం తన బరువుతోనే దిగాలి కాబట్టి భవనం నిలువుగా పెరిగింది.

చెరకు లేని కంపెనీకి అన్ని వేల ఎకరాలు ఎందుకు? శివారు నగరం కథ ఈ ప్రశ్న దగ్గర మొదలవుతుంది. కంపెనీకి అనుబంధంగా ఉన్న షుగర్‌ల్యాండ్ ఇండస్ట్రీస్ చాలాకాలం ఆ నేలలో పశువులు, పత్తి, కూరగాయలతో నెట్టుకొచ్చింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత హ్యూస్టన్ నైరుతి దిక్కుగా సాగడం మొదలెట్టింది. చమురు, రసాయనాల పరిశ్రమ పెరిగింది, వెడల్పు రోడ్లు పడ్డాయి, ఎయిర్ కండిషనర్లు వచ్చాయి. కంపెనీ తన ఇళ్లను వాటిలో ఉంటున్న ఉద్యోగులకే అమ్మేసింది. 1959 డిసెంబరులో షుగర్ ల్యాండ్ మునిసిపాలిటీ అయింది. అప్పటివరకు ఏ నిర్ణయమైనా కంపెనీ కార్యాలయంలో జరిగేది, ఇకమీద ఓటుతో. ఆ కాలంలోనే కాలువల ఒడ్డున వెనీషియన్ ఎస్టేట్స్ అనే కాలనీ లేచింది. 1960ల చివర గోల్ఫ్ మైదానం చుట్టూ షుగర్ క్రీక్ వెలిసింది.

అసలు మలుపు 1972. ఆ ఏడు జెరాల్డ్ హైన్స్ అనే హ్యూస్టన్ బిల్డరు షుగర్‌ల్యాండ్ ఇండస్ట్రీస్ నుంచి 7,500 ఎకరాలు ఒకే బేరంలో కొన్నాడు. తర్వాత ఇంకా కలిసి మొత్తం 9,700 ఎకరాలైన ఆ నేల మీద 1976లో ఫస్ట్ కాలనీ నిర్మాణం మొదలైంది. పెట్టుబడిలో రాయల్ డచ్ షెల్ పెన్షన్ నిధి భాగస్వామి. ఇల్లు ఎక్కడ, బడి ఎక్కడ, చెరువు ఎక్కడ, దుకాణాల వీధి ఎక్కడ అని కాగితం మీద తేల్చుకున్నాకే అక్కడ పలుగు పడింది. వందలమంది రైతుల దగ్గర ఎకరం ఎకరం చొప్పున సేకరించాల్సి వస్తే అలాంటి ప్రణాళికకు దశాబ్దాలు పట్టేది, బహుశా సాధ్యమే అయ్యేది కాదు. 1828 నాటి భూదానం, 1906, 1908 నాటి కొనుగోళ్లు కలిపి పెట్టిన భూమి అది. ఫస్ట్ కాలనీ వీధుల్లో తిరిగేవారికి చెట్ల వరసలు, వంపు దారులు, నీటి గుంటలు కనబడతాయి. వాటి కింద ఉన్న గట్టి పునాది ఈ ఒంటి యాజమాన్యమే. కొన్ని కాలనీల పేర్లలో ప్లాంటేషన్ అనే మాట నేటికీ ఉంది. అందమైన పాతకాలపు జ్ఞాపకంగా ఆ మాట పెట్టినవారు దాని లోపల ఉన్న మనుషుల్ని తలుచుకున్నట్టు లేదు.

ఇంత వేగంగా నీళ్లు, మురుగు కాలువలు ఎవరు వేశారన్నదీ తెలుసుకోదగ్గదే. టెక్సస్‌లో ఊరి హద్దు బయట మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్ అనే చిన్న పాలన విభాగం ఏర్పాటు చేసుకోవచ్చు. అది బాండ్లు అమ్మి అప్పు తెస్తుంది, ఆ డబ్బుతో బిల్డరు వేసిన పైపుల ఖర్చు తీరుస్తుంది, తర్వాత ఇళ్లు కొన్నవారు పన్ను రూపంలో ఆ అప్పు తీరుస్తారు. వరద కట్టలకు, పంపులకు ఇలాగే వేరే విభాగాలున్నాయి. నగరం బయట నిలబడి చూసేది, కాలనీ స్థిరపడి అప్పు తగ్గాక తన హద్దులో కలుపుకునేది. 1990లో 24,529గా ఉన్న జనాభా 2000 నాటికి 63,328 కావడానికి కొత్త ఇళ్లతోపాటు, 1997లో ఫస్ట్ కాలనీ నగరంలో కలవడం కూడా కారణం. 2017 డిసెంబరులో గ్రేట్‌వుడ్, న్యూ టెరిటరీ కలిసినప్పుడు ఒక్కసారిగా ఇంచుమించు 30 వేల మంది చేరారు.

ఆ ఏడే ఆగస్టులో హార్వీ తుఫాను వచ్చింది. ఎగువన రిచ్‌మండ్ దగ్గర బ్రేజోస్ 55 అడుగులు దాటి పారింది. కట్టలు నిలిచినా, లోపల కురిసిన వాన బయటికి పోలేక కొన్ని కాలనీల్లో నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. తోటకు ఒండ్రు ఇచ్చిన నది ఇంకా ఇక్కడే ఉందని ఊరు మరిచిపోలేదు, పంపులకు, కట్టలకు ఆ తర్వాత మరింత ఖర్చు పెట్టింది.

1980ల నుంచి జనాభా స్వరూపం కూడా మారింది. ఫ్లోర్ వంటి ఇంజనీరింగ్ సంస్థలు, చమురు కంపెనీలు, హ్యూస్టన్‌లోని టెక్సస్ మెడికల్ సెంటర్, తర్వాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు ఆసియా దేశాల నుంచి చదువుకున్నవారిని రప్పించాయి. హ్యూస్టన్‌లోని హిల్‌క్రాఫ్ట్ వీధి భారతీయ దుకాణాలకు పేరు. అక్కడి నుంచి సౌత్‌వెస్ట్ ఫ్రీవే పట్టుకుంటే నేరుగా షుగర్ ల్యాండే. మంచి బడులున్న చోట ఇల్లు కొనాలనుకున్న కుటుంబాలు ఆ దారినే వచ్చాయి. నేడు నగర జనాభాలో మూడో వంతుకు పైగా ఆసియా మూలాలవారు. వీరిలో భారతీయులు, చైనీయులు, వియత్నామీయులు, పాకిస్తానీలు ఎక్కువ. భారతీయుల్లో తెలుగువారి వాటా చిన్నది కాదు. చినజీయర్ స్వామి మార్గదర్శకత్వంలో నడిచే అష్టలక్ష్మీ ఆలయం షుగర్ ల్యాండ్ చిరునామాతోనే, ఊరి ఉత్తరపు అంచున సినాట్ రోడ్డు మీద ఉంది. 2024 ఆగస్టులో అక్కడ 90 అడుగుల హనుమంతుడి విగ్రహం ప్రతిష్ఠించారు. చాలా దూరం నుంచే కనిపించే ఆ విగ్రహం చూడడానికి ఇతర రాష్ట్రాల నుంచి కూడా తెలుగు కుటుంబాలు వస్తున్నాయి.

ఊరికి పేరు తెచ్చిన పరిశ్రమ మాత్రం ఈ పెరుగుదలను తట్టుకోలేదు. 2001లో ఇంపీరియల్ దివాలా రక్షణ కోరింది, 2003లో రిఫైనరీ మూతపడింది. కొన్ని కట్టడాలను కూల్చేశారు. చార్ హౌస్‌ను చరిత్ర గుర్తుగా ఉంచారు, దానికి కొత్త ఉపయోగం వెతికే ప్రణాళికలు ఒకటి తర్వాత ఒకటి వచ్చాయి. ఊరి నడిబొడ్డు అప్పటికే ఫ్రీవే పక్కకు జరిగిపోయింది. కొత్త నగర భవనం, దాని ముందు టౌన్ స్క్వేర్ 2000ల మొదట్లో అక్కడే కట్టారు. పాత రిఫైనరీకి దగ్గరలోని హెరిటేజ్ మ్యూజియంలో కంపెనీ ఊరి రోజుల వస్తువులు, ఫొటోలు చూడవచ్చు.

జైలు భూములు కూడా ఇళ్లకు అమ్ముడయ్యాయి. వాటి మీద టెల్ఫెయిర్ వంటి ఖరీదైన కాలనీలు లేచాయి. రెజినాల్డ్ మూర్ అనే మాజీ జైలు గార్డు ఈ దశలోనే ఊరికి గట్టిగా చెప్పడం మొదలుపెట్టాడు. కౌలు ఖైదీల సమాధులు ఈ నేలలో ఎక్కడో ఉన్నాయని, తవ్వే ముందు వెతకమని ఏళ్ల తరబడి సభల్లో, కార్యాలయాల్లో అడిగాడు. పట్టించుకున్నవారు తక్కువ. 2018 ఫిబ్రవరిలో ఆ పాత జైలు భూముల్లో ఫోర్ట్ బెండ్ విద్యా జిల్లా కొత్త సాంకేతిక శిక్షణ కేంద్రం కడుతుండగా తవ్వకంలో ఎముక బయటపడింది. పురావస్తు నిపుణులు జాగ్రత్తగా తవ్వితే, చెక్క పెట్టెల్లో పూడ్చిన 95 మంది అవశేషాలు దొరికాయి. ఒక్క స్త్రీ తప్ప అందరూ పురుషులు. చిన్నవాడికి 14 ఏళ్లు ఉండవచ్చు, పెద్దవాడికి 70 దాకా. అది ఎల్లిస్ తోటలోని బుల్‌హెడ్ శిబిరపు శ్మశానమని తేలింది. ఎముకలు రూపు మారి ఉన్నాయి. మోయలేనంత బరువు ఏళ్ల తరబడి మోసినవారి ఎముకలు అవి. వీరిలో కొందరు బానిసలుగా పుట్టి, విడుదలై, మళ్లీ అదే చెరకులోకి వచ్చి చనిపోయినవారై ఉంటారు.

ఆ తర్వాత ఏడాదిన్నరకు పైగా వాదం నడిచింది. అవశేషాలను మరో శ్మశానానికి తరలించాలని కొందరు, దొరికిన చోటే ఉంచాలని మూర్, ఇతర నల్లజాతి కార్యకర్తలు. విద్యా జిల్లా చివరకు భవన నమూనా మార్చుకుంది. 2019 నవంబరులో 95 మందినీ అక్కడే తిరిగి సమాధి చేశారు. శిక్షణ కేంద్రం పక్కనే బుల్‌హెడ్ శిబిర శ్మశానం ఉంది. పాత జైలు రికార్డులు వెతికి, అక్కడ చనిపోయినవారి పేర్లు కొన్ని వెలికితీసి, విద్యా జిల్లా సవివరమైన నివేదిక ప్రచురించింది. మూర్ 2020 జులైలో మరణించాడు. షుగర్ ల్యాండ్ చరిత్ర ఇప్పుడు కిరీటం ముద్ర కంపెనీతో కాక ఈ శిబిరంతో మొదలుపెట్టి చెబుతున్నారంటే ఆ మార్పులో ఆయన వంతు పెద్దది.

నగరంలో ఖాళీ నేల ఇప్పుడు తక్కువ. పెరుగుదల పడమరకు, రిచ్‌మండ్, రోజెన్‌బర్గ్ వైపు జరిగింది. 2010లో 5,85,375గా ఉన్న ఫోర్ట్ బెండ్ కౌంటీ జనాభా 2020 నాటికి 8,22,779కి చేరింది. కొత్త కాలనీలు లేస్తున్న భూముల్లో పాత తోటలు ఎన్నో ఉన్నాయి. రాష్ట్రం 19వ శతాబ్దం చివర జైలు కోసం కొన్న హార్లెమ్ తోట వాటిలో ఒకటి. దానిమీద జైలు ఇంకా నడుస్తోంది. బుల్‌హెడ్ తర్వాత ఈ కౌంటీలో పాత తోట నేల మీద పునాది తీయడానికి ముందు జైలు రికార్డులు తిరగేసి, నేలను పరీక్షించడం బిల్డర్ల కనీస బాధ్యత.